అంతర్జాలమున సొంత యిల్లు

గడచిన కొన్ని వారములుగా మా కార్యాలయమునకు చేరుచున్న ఉత్తరములలో ఒకే ప్రశ్నను పలువురు పలువిధముల అడుగుచున్నారు. హోసూరునుండి వ్రాసినవారును, బరంపురమునుండి వ్రాసినవారును, షోలాపురమునుండి వ్రాసినవారును అడిగినది దాదాపుగా ఒక్కటే. "మన సంఘములును, మన యువకులును నడుపుచున్న చిన్న వెబ్‌సైట్లు గూగుల్‌లో వెదకినచో ఏల కనబడుట లేదు? వానిని పైకి తెచ్చు మార్గమేది? వానివలన నాలుగు డబ్బులు సంపాదించుట సాధ్యమా?" ప్రశ్న న్యాయమైనదే. ఇల్లు కట్టినవాడు చుట్టములు రావలెనని కోరుట తప్పు కాదు. ఇంటి ఖర్చు ఇంటినుండియే రావలెనని కోరుటయు తప్పు కాదు. అయితే ఈ రెండింటికిని సమాధానము చెప్పుటకు ముందు మూడవ ప్రశ్న యొకటి అడుగక తప్పదు. ఆ యిల్లు ఎవరి పేరున ఉన్నది?

ఈ ప్రశ్నను మేము నష్టపోయి నేర్చుకొంటిమి. కొన్ని సంవత్సరముల క్రిందట మా పత్రిక సంచికలను అంతర్జాలమున ఉంచవలెనని నిశ్చయించి, ఆ పనిని ఒక కంట్రాక్టరునకు అప్పగించితిమి. ఆరు నెలలలో మమ్ము గూగుల్‌లో మొదటి స్థానమున నిలుపుదునని ఆయన మాట యిచ్చెను. డొమైను పేరును ఆయనయే కొనెను. తన పేరుననే కొనెను. పాస్‌వర్డులన్నియు ఆయనయొద్దనే ఉండెను. మేము రసీదు పుచ్చుకొని సంతోషించితిమి. పిమ్మట మా పుటల అడుగున మాకు సంబంధము లేని ఆంగ్ల వాక్యములు చేరినవి. ఎక్కడెక్కడి వెబ్‌సైట్లనుండియో మాకు లింకులు వచ్చినవి. నెలనెలయు మాకు పంపు పట్టికలో చూచినవారి సంఖ్య పెరుగుచుండెను గాని, ఒక్క ఉత్తరముగాని, ఒక్క చందాగాని అదనముగా రాలేదు. ఏడాది తిరుగునప్పటికి రుసుము విషయమున మాట తేడా వచ్చినది. పేరునకు గడువు తీరినది. ఆయన కట్టలేదు, మేము కట్టుటకు వీలు లేదు. ఎవరో దానిని కొనిరి. ఒకనాటి ఉదయమున మా వృద్ధ చందాదారులొకరు ఫోను చేసి, "ఏమండీ, మన సంఘం వారు పేకాట క్లబ్బు ఎప్పుడు పెట్టారు?" అని అడిగిరి. తెరచి చూచితిమి. మా పత్రిక పేరు గల చిరునామాలో జూదపు ప్రకటనలు తళతళలాడుచుండెను.

అచ్చయిన సంచికలు బీరువాలో ఉన్నవి గనుక వానిని మరల ఎక్కించుకొనవచ్చును. కాని పత్రికలో చోటు చాలక వెబ్‌సైటున మాత్రమే ప్రకటించిన వ్యాసములు కొన్ని గలవు. మన పెద్దలు తాము చదివిన తెలుగు బడులను గూర్చియు, తమ ఊరి గ్రంథాలయములను గూర్చియు స్వయముగా వ్రాసి యిచ్చిన జ్ఞాపకములవి. వాని ప్రతులు కంట్రాక్టరునొద్ద ఉన్నవని మేమును, సంఘమునొద్ద ఉన్నవని ఆయనయు అనుకొనియుంటిమి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో కొన్ని పుటలు దొరకినవి. తక్కినవి పోయినవి. వ్రాసినవారిలో కొందరు ఇప్పుడు లేరు. కొంత తప్పు ఆయనది. ఎక్కువ తప్పు మాది.

కావున మా మొదటి మాట యిది. డొమైను పేరు అనునది అంతర్జాలమున మన ఇంటిపేరు. అది సంఘము పేరున, సంఘము ఈమెయిలుతో, సంఘము ఫోను నంబరుతో రిజిస్టరు కావలెను. కార్యదర్శి మారినప్పుడు లెక్కల పుస్తకములతోపాటు పాస్‌వర్డులును చేతులు మారవలెను. డాట్ ఇన్ పేర్లను ఒక్కసారిగా పదేండ్లవరకు రిజిస్టరు చేసికొనవచ్చును. ఏటేటా మరచు భయము గలవారు అట్లు చేయుట మేలు. వెబ్‌సైటు మొత్తమునకు ప్రతి నెలయు ఒక ప్రతి తీసి, ఒకటి సంఘ కార్యాలయమునను, మరొకటి వేరొక ఊరిలోని సభ్యునియొద్దను ఉంచవలెను. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. శ్రద్ధ మాత్రమే కావలెను.

పరుల వేదికలమీద వ్రాయుచు అదియే మన ఇల్లని భ్రమించుట మరియొక పొరపాటు. యాహూ వారి జియోసిటీస్‌లో లక్షలకొలది జనులు పుటలు కట్టుకొనిరి. 2009లో అమెరికాలో దానిని మూసివేసిరి. ఆర్కుట్ 2014లో పోయినది. గూగుల్ ప్లస్ 2019లో పోయినది. వానిలో తెలుగువారు వ్రాసికొన్న మంచి మాటలెన్నియో వానితోపాటే పోయినవి. అట్టి స్థలములలో మనము అద్దెకున్నవారమే. అరుగుమీద కూర్చుండి మాటలాడుటకు అవి బాగుగనే యుండును. భోషాణము మాత్రము మన యింటిలో ఉండవలెను.

ఇది ఏ చిన్న వెబ్‌సైటునకైనను వర్తించును గదా, ప్రత్యేకముగా మనకేల చెప్పవలెనని అడుగవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఒక ఊరి చరిత్ర ఒకచోట చెడినను మరియొకచోట దొరకును. అక్కడ దినపత్రికలు గలవు, విశ్వవిద్యాలయములు గలవు. మన సంగతి వేరు. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు గంజాము తెలుగువారును, 1953లో బళ్ళారి మైసూరులో చేరినప్పుడు అచ్చటి తెలుగువారును, 1956 పునర్విభజన పిమ్మటను మద్రాసు రాష్ట్రమునందే ఉండిపోయిన హోసూరు తెలుగువారును, 1954 వరకు ఫ్రెంచి పాలనలో నున్న యానామువారును ఎట్లు బ్రదికిరో, ఏ బడిని ఎట్లు నిలుపుకొనిరో చెప్పు కాగితములు మన ఇండ్లలోనే ఉన్నవి. రజతోత్సవ సంచికలు, సంఘపు మినిట్సు పుస్తకములు, శుభలేఖలు, నాటక సమాజముల కరపత్రములు, ఇవియే మన ఆధారములు. రేపు మన మనుమరాలు బెంగుళూరులో కూర్చుండి తన తాతగారి ఊరిలో తెలుగు బడి ఎప్పుడు పుట్టినదని ఫోనులో వెదకినచో, మనము వ్రాయనిచో ఎవరు చెప్పుదురు? ఎవరును చెప్పరు; లేదా తెలియనివారు చెప్పుదురు.

ఇక గూగుల్‌లో కనబడుట ఎట్లను ప్రశ్నకు వత్తము. దీనిని గూర్చి మార్కెట్టులో మంత్రములు చాల అమ్ముచున్నారు. వెదకు యంత్రము చేయు పని సారాంశములో చిక్కైనది కాదు. దాని ప్రోగ్రాములు ఒక లింకునుండి మరొక లింకునకు పోవుచు పుటలను చదివి, ఏ మాట ఏ పుటలో ఉన్నదో సూచిక వ్రాసికొనును. ఎవరైన వెదకినప్పుడు ఆ సూచికనుండి తగిన పుటలను ఏరి వరుసగా చూపును. కావున మన పుట మొదట దానిచే చదువబడవలెను.

అక్కడనే మన వెబ్‌సైట్లు చాలవరకు తప్పుచున్నవి. 1991నాటి యూనికోడ్ మొదటి కూర్పునందే తెలుగు లిపికి స్థానము దొరకినది. అయినను మన ముద్రణాలయములలో నేటికిని అను ఫాంట్లతో కూర్చు అలవాటు గలదు. అచ్చులో అది అందముగ నుండును. దానినే పీడీఎఫ్‌గా వెబ్‌సైటున ఉంచినచో మన కంటికి తెలుగుగనే తోచును. యంత్రమునకు అర్థము లేని ఆంగ్లాక్షరముల గుంపుగా తోచును. సంచికను ఫోటో తీసి పెట్టినను అంతియే. బొమ్మలోని అక్షరములను యంత్రము సరిగా పోల్చుకొనునని నమ్ముటకు వీలులేదు. వాట్సాప్ గుంపులలో మనము ప్రతి దినము వ్రాయుచున్నది వెదకు యంత్రమునకు అసలే చేరదు. కావున ముఖ్యమైన ప్రతి వ్యాసమును యూనికోడ్‌లో టైపు చేయించి, పుటగా ఉంచవలెను. పీడీఎఫ్ కావలసినచో దాని ప్రక్కన ఉంచవచ్చును. మన పెద్దలు చెప్పుచుండగా పిల్లలు టైపు చేసినచో ఇద్దరికిని లాభమే.

పిమ్మట చేయవలసినవి కొన్ని చిన్న పనులు గలవు. ఒక పుటకు ఒక విషయమే ఉండవలెను. శీర్షికలో ఊరి పేరును, విషయమును స్పష్టముగ చెప్పవలెను. "మధుర స్మృతులు" అను శీర్షిక అచ్చు పత్రికలో చెల్లును. వెదకువాడు ఆ మాటతో వెదకడు. "బళ్ళారి తెలుగు నాటక సమాజముల జ్ఞాపకములు" అనినచో వెదకును. మన ఊళ్ళకు పేర్లు పెక్కు. మనము బరంపురమందుము, ఆంగ్లములో బర్హంపూర్ అని వ్రాసిరి, ప్రభుత్వము బ్రహ్మపుర అనుచున్నది. బళ్ళారి ఆంగ్ల వర్తని 2014లో మారినది. వ్యాసములో ఈ రూపములన్నియు ఒక్కొక్కసారి సహజముగా వచ్చునట్లు వ్రాయవలెను. తెలుగు చదువగలిగియు ఫోనులో ఆంగ్లలిపితోనే వెదకు పిల్లలు మనలో చాలమంది గలరు గనుక, పుట మొదట రెండు వాక్యముల ఆంగ్ల సారాంశము ఉంచుటయు మంచిది. ఫోటో క్రింద అందున్నవారెవరో, ఏ సంవత్సరమో వ్రాయవలెను. పుట చిరునామాను మాత్రము చిన్నదిగా ఆంగ్లలిపిలో ఉంచుట మేలు. తెలుగు లిపిలో పెట్టినచో దానిని ఇతరులకు పంపునప్పుడు ఒక్కొక్క అక్షర సంకేతము శాతపు గుర్తులతో కూడిన తొమ్మిది అక్షరములై, చూచినవాడు భయపడునంత పొడవగును. ఒకసారి పెట్టిన చిరునామాను మార్చరాదు. మార్చక తప్పనిచో పాతదానినుండి క్రొత్తదానికి దారి వేయవలెను. పుట ఫోనులో త్వరగా తెరచుకొనవలెను. గూగుల్ వారి సెర్చ్ కన్సోల్ అను ఉచిత సాధనములో, జనులు ఏ మాటతో వెదకి మనయొద్దకు వచ్చుచున్నారో తెలియును. దానిని చూచి, జనులు అడుగుచున్నదానిని గూర్చి తరువాతి వ్యాసము వ్రాయవచ్చును.

లింకుల సంగతి యొకటి మిగిలినది. మన సంఘములు ఒకదానినొకటి తలచుకొనుట మానినవి. షోలాపురము పద్మశాలి కుటుంబములను గూర్చి భివండిలోని మనవారు వ్రాసినప్పుడు, షోలాపురము సంఘము పుటకు లింకు ఇయ్యవలెను. యానాము సంఘము బరంపురము సంఘమును, బరంపురము సంఘము హోసూరు సంఘమును చూపవలెను. చుట్టరికము నిజమైనది గనుక యంత్రమునకును అది విలువగల సాక్ష్యమే యగును. కొనిన లింకులు అట్టివి కావు. 2012లో గూగుల్ తెచ్చిన పెంగ్విన్ మార్పు అట్టి కొనుగోళ్ళనే దెబ్బ తీసినది. అంతకు పూర్వము 2011లో వచ్చిన పాండా మార్పు పస లేని పుటలను వెనుకకు నెట్టినది. 2024 మార్చి నెలలో, యంత్రములచే గాని కూలి వ్రాతగాండ్రచే గాని గుట్టలుగా వ్రాయించిన పుటలను, గడువు తీరిన పేర్లను కొని చేయు మోసములను దుర్వినియోగములుగా ప్రకటించిరి. మొదటి స్థానమును ఎవరును హామీ ఈయజాలరని గూగుల్ సంస్థయే తన సలహాలలో చెప్పుచున్నది. ఆ హామీ యిచ్చు మనిషి తలుపు తట్టినచో, మంచినీళ్ళిచ్చి పంపివేయుట మర్యాద.

ఇక ధనమును గూర్చి. ఇక్కడ మన యువకులను పెద్దలు తరచుగా చిన్నబుచ్చుచున్నారు. సంపాదింపవలెనను కోరికలో దోషము లేదు. చేతినుండి పెట్టి నడపినవి మూడేండ్లలో మూతబడుటను మనము చూచుచునే యున్నాము. అయితే లెక్క తెలిసి దిగవలెను. గూగుల్ వారి ప్రకటనల పథకమైన యాడ్‌సెన్స్ 2003లో పుట్టినది. తెలుగు పుటలకు అది 2018లో వర్తించినది. సంపాదన పది డాలర్లకు చేరినపిమ్మట చిరునామా నిర్ధారణకై ఒక సంకేత సంఖ్యను తపాలాలో పంపుదురు. నూరు డాలర్లు నిండినగాని పైకము చేతికి రాదు. వేయి పుటలు చూచినందుకు ఒక డాలరు వచ్చునని ఉదారముగా అనుకొందము. నూరు డాలర్లకు లక్ష పుటలు కావలెను. వేయి కుటుంబములు వారమునకొక పుట చొప్పున తప్పక చదివినను ఏటికి ఏబదిరెండు వేల పుటలే. అనగా ఒక్కసారి పైకము అందుటకు రెండేండ్లు పట్టును. ఈ నడుమ పుట నిండ ఏ ప్రకటన వచ్చునో మనము ఎంచుకొనలేము. కొన్ని తరగతులను వలదని చెప్పవచ్చును గాని, ఆ పని ఎవరో శ్రద్ధతో చేయవలెను. సంఘమునకు సాయము చేయుచున్నామనుకొని సభ్యులే పదేపదే ప్రకటనలను నొక్కినచో ఖాతాయే రద్దగును. ఇట్టి మంచి మనసు మనలో మిక్కుటముగ గలదు గనుక హెచ్చరించుచున్నాము.

అదే వేయి కుటుంబములలో నూరు కుటుంబములు నెలకు పది రూపాయలు ఇచ్చినచో ఏటికి పండ్రెండు వేల రూపాయలగును. డొమైను పేరునకును, సాధారణమైన హోస్టింగునకును అది చాలును. 2016లో ఆరంభమైన యూపీఐ వచ్చినపిమ్మట పది రూపాయలు పంపుట కష్టమైన పని కాదు. మన ఊరి మిఠాయి దుకాణము, పట్టుచీరల అంగడి, కల్యాణమండపము, అచ్చాఫీసు, వీరు దశాబ్దములుగా మన సావనీర్లకు ప్రకటనలిచ్చుచున్నవారు. వారినే వెబ్‌సైటునకును అడుగవచ్చును. ప్రకటనకర్తను మనమెరుగుదుము, ఆయన మన పాఠకుని ఎరుగును. నడుమ దళారి లేడు. ఇక అమ్ముటకు సొంత సరుకు గలవారి స్థితి ఇంకను మెరుగు. దుప్పట్లు నేయించు షోలాపురము గృహస్థుడు ఎవరి ప్రకటనలకో తన పుటను అద్దెకిచ్చుటకంటె, దుప్పటి ఎట్లు నేయబడునో, ఎట్లు ఉతుకవలెనో, అసలుదానిని ఎట్లు గుర్తింపవలెనో వ్రాసి తన దుప్పటినే అమ్ముకొనుట లాభము. వెదకి వచ్చినవాడు కొనుటకు వచ్చినవాడే గదా.

విదేశములందలి మన బంధువులు సాయము చేయుదుమనుచున్నారు. వారి ప్రేమకు కృతజ్ఞులము. కాని 2010నాటి విదేశీ విరాళముల నియంత్రణ చట్టము ప్రకారము, రిజిస్ట్రేషనుగాని ముందస్తు అనుమతిగాని లేని సంఘము విదేశీ పౌరులనుండి విరాళము స్వీకరింపరాదు. భారత సంతతివారైనను విదేశీ పౌరసత్వము పొందినచో వారు విదేశీయులుగనే లెక్క. రిజిస్టరైన వార్తాపత్రికల ప్రచురణకర్తలకు అట్టి విరాళములు నిషిద్ధములే. కావున ఆడిటరుగారిని అడుగక ఒక్క రూపాయయైనను తీసికొనరాదు. అట్లే పెండ్లి సంబంధముల పుటలలోను, సభ్యుల పట్టికలలోను ఆడపిల్లల ఫోను నంబర్లను అందరికిని కనబడునట్లు ఉంచు అలవాటును వెంటనే మానవలెను. వ్యక్తుల వివరములను కాపాడుటకు 2023లో చట్టమే వచ్చినది. చట్టము రాకపోయినను అది మన మర్యాద.

ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలసి యున్నది. 2024 నుండి మన దేశమునందును గూగుల్ అనేక ప్రశ్నలకు తానే జవాబు కూర్చి మొదట చూపుచున్నది. అది చదివినవాడు మన పుటకు రాకనే పోవచ్చును. "ఇట్టి కాలమున కష్టపడి వ్రాయుట దేనికి?" అని ఒక యువ మిత్రుడు మమ్మడిగెను. అతని బాధ నిజమైనది. ప్రకటనలనే నమ్మినవారికి ఇది గొడ్డలిపెట్టు. కాని యంత్రము జవాబును శూన్యమునుండి కూర్చదు. ఎవరో వ్రాసినదానినుండియే కూర్చును. మనము వ్రాయనినాడు మనలను గూర్చి అది చెప్పునది ఇతరుల మాటయే. పైగా యంత్రము పంపు బాటసారులమీదనే ఆధారపడక, మన పాఠకుల ఈమెయిలు పట్టికను వారి అనుమతితో మనమే ఉంచుకొని, క్రొత్త వ్యాసము వచ్చిన ప్రతి వారమును వారికి జాబు వ్రాసినచో, ఏ మార్పు వచ్చినను ఆ తలుపు మూతబడదు.

ఓపికతో నడచినవి మన భాషలోనే గలవు. ఈమాట పత్రిక 1998 నుండి అంతర్జాలమున లాభాపేక్ష లేక సాగుచున్నది. ఆంధ్రభారతివారి నిఘంటువులను ప్రతి దినము మనమే వాడుకొనుచున్నాము. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైనది. దానిని ఎవరైనను తీర్చిదిద్దవచ్చును. మన ఊళ్ళ వ్యాసములందు అచ్చయిన ఆధారములతో నాలుగు నిజమైన వాక్యములు చేర్చుటకు మన పిల్లలను ప్రోత్సహింపవలెను. అది ఊరివారందరును కట్టుకొన్న సత్రమువంటిది. సత్రమునకు చేయి సాచుట పుణ్యమే. సొంత యింటి కప్పును నేసికొనుట కర్తవ్యము.

వచ్చు కార్యవర్గ సమావేశమున ప్రతి శాఖయు ఈ మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మా కోరిక. మన పేరు ఎవరి పేరున ఉన్నది? మన వ్రాతల ప్రతి ఎక్కడ ఉన్నది? గత వారము మనలను చదివినవారెవరు? మొదటి రెంటికి జవాబు దొరకనిచో, మూడవదానికై పైకము ఖర్చు పెట్టుట మానుడు. మా సంగతి చెప్పవలెనన్న, క్రొత్త పేరును సంఘము పేరననే తీసికొంటిమి. పదేండ్లకు రుసుము కట్టితిమి. పోయిన జ్ఞాపకముల నకళ్ళు మీలో ఎవరియింటనైన ఉన్నచో, చేతివ్రాతయైనను సరే, దయచేసి మాకు పంపుడు. టైపు చేసి, రెండు ప్రతులు తీసి, అసలును భద్రముగా మీకు తిరిగి పంపుదుము.